తెల్ల చీటీ

న్యూయార్క్
1790 జనవరి 19

రోసీనా అక్కయ్యకు తమ్ముడు కాస్పర్ నమస్కారాలు.

క్షేమంగా చేరాను. దారంతా మంచే. రేవు దగ్గర నీళ్ళు గడ్డకట్టి పడవ కదల్లేదు. సత్రంలో చలి కాచుకుంటూ కూర్చున్నాం. కర్నల్ హస్కెట్ తోడున్నాడు కనుక పొద్దు గడిచింది. మన రాష్ట్రం పెద్దల సభకు పంపిన ఇద్దరిలో ఆయన రెండోవాడు. రెండోవాడని నేనంటాను. ఆయన మాత్రం తనే మొదటివాణ్ణంటాడు. ఈ ఉత్తరంలో సగం ఆ గొడవే, ఓపిగ్గా చదువు.

ఈ కొత్త దేశంలో మన రాష్ట్రం ఆలస్యంగా చేరింది. కాబట్టి సభలో అందరికంటే వెనక వచ్చినవాళ్ళం మేమే. దాన్నెవరూ మార్చలేరు. కానీ మా ఇద్దరిలో పెద్ద ఎవరు? ఒకే రోజు ఎన్నికయ్యాం. ఒకే రోజు సభ మెట్లెక్కాం. అయితే నన్ను మన శాసనసభ మొదటి ఓటుకే ఎన్నుకుంది, ఆయన కోసం మళ్ళీ మళ్ళీ ఓట్లు వేయాల్సి వచ్చింది. వయసులోనూ నేనే పెద్ద. అయినా గుమాస్తా పట్టీలో హస్కెట్ పేరు ముందూ, వెండెల్ అని నా పేరు వెనకా రాశాడు. వెళ్ళి ఇదేమిటని అడిగాను.

"అక్షరాల వరస ప్రకారం రాశానండి. ఆ వరస నేను పెట్టింది కాదు" అన్నాడు.

నువ్వు నవ్వుకుంటున్నావని తెలుసు. కానీ ఆలోచించు. ఏనోను వదిలి వచ్చిన నాటి నుంచి ఎక్కడికి వెళ్ళినా నేను ప్రతిదీ చీటీ తీసి దేవుణ్ణి అడిగే సంఘంవాణ్ణే, చీటీల ఊరి కుర్రాణ్ణే. "వాళ్ళు పెళ్ళిళ్ళు కూడా చీటీ తీసి చేసుకుంటారట!" అని నా వెనకాల నవ్వినవాళ్ళు ఎందరో. కలప మిల్లు పెట్టినా, శాసనసభకు వెళ్ళినా ఆ పేరు పోలేదు. ఇన్నేళ్ళ కష్టానికి ఒక్కచోటయినా నా పేరు ముందు ఉండాలి. ఇంకేమీ కోరను.

సభ్యుడిగా మాట ఇచ్చేటప్పుడు ఇక్కడ అందరూ దేవుని మీద ఒట్టు వేస్తారు. నా నోట మాత్రం "ధ్రువపరుస్తున్నాను" అనే వచ్చింది. ఒట్టు పెట్టుకోకూడదని అమ్మ నేర్పిన మాట కదా. కర్నల్ బయటికొచ్చి నా భుజం తట్టాడు. "నువ్వు వాళ్ళని వదిలేశావు గాని వెండెల్, నీ నాలుక ఇంకా వాళ్ళ ఊళ్ళోనే ఉందయ్యా" అన్నాడు.

అక్కడ అందరూ క్షేమమేనా?

నీ తమ్ముడు
కాస్పర్


ఏనోను, సహోదరీల ఇల్లు
1790 జనవరి 28

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నీకు తోడుండాలని కోరుతూ అక్క రోసీనా రాసేది.

నీ ఉత్తరం రొట్టెలు కాల్చే రోజున వచ్చింది. చేతులకున్న పిండి కడుక్కునే తీరిక కూడా లేదు, పిండి అంటి నీ కాగితం అంచులు తెల్లబడ్డాయి. చదివి సంతోషించాను. నువ్వు ఒట్టు వేయనందుకు ఇంకా ఎక్కువ సంతోషించాను.

"అందరూ క్షేమమేనా" అని అడిగావు. ఆ అందరిలో నువ్వు ఎవరిని అడిగావో నాకు తెలియదనుకోకు. బెనిగ్నాకు బాగాలేదు. క్రిస్మస్ ముందు పట్టుకున్న దగ్గు వదల్లేదు. ఇప్పుడు రోగుల గదిలో కిటికీ పక్క మంచం మీద ఉంది. అక్కడి నుంచే చిన్నపిల్లలకు కుట్టుపని చెబుతోంది, కుట్టు వంకరపోతే గుడ్డ కిటికీలోంచి చూపించి మరీ వెక్కిరిస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించాను.

"ఇంతకీ మీ తమ్ముడు ముందు బల్లా, వెనక బల్లా?" అంది.

"ఇంకా తేలలేదట."

"ఎక్కడ తేలుతుంది! చిన్నప్పుడు ఆరాధనలో ముందు బల్ల కోసం పోట్లాడేవాడు. కూర్చున్నాక ముందుకు చూశాడా అంటే అదీ లేదు. ఎప్పుడూ మా ఆడపిల్లల వైపే చూపు."

ఆ మాటకు తనే నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది. టోపీకి కట్టుకున్న గులాబి రిబ్బను జారితే సరిచేశాను. ఇన్నేళ్ళూ మా ఇద్దరిదీ ఆ రంగే, ఈ ఇంట్లో ఉండే పెళ్ళికానివాళ్ళ రంగు. నాది వెలిసిపోయింది. తనది మాత్రం ప్రతి ఈస్టరుకూ కొత్తది కుట్టుకుంటుంది.

తమ్ముడూ, మీది పెద్దల సభ. ఇక్కడ మాకూ ఒక పెద్దల సభ ఉంది. ఇక్కడ పెద్ద అనిపించుకున్నవాళ్ళకు ఎక్కువ వచ్చేదేమిటో చూశావు కదా. రోగుల దగ్గర కూర్చోవడం, పొయ్యిలో బూడిద ఎత్తడం. అక్కడ ఏం వస్తుందో నాకు తెలియదు. నీ మనసు నొప్పించాలని రాయలేదు.

ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. తడి కాళ్ళతో తిరగకు.

అక్క రోసీనా


న్యూయార్క్
1790 ఫిబ్రవరి 9

అక్కయ్యకు,

మేజోళ్ళు అందాయి. కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. బెనిగ్నాకు తేనెలో అల్లం కలిపి ఇమ్మను, ఇక్కడి వైద్యులు అదే ఇస్తున్నారు. నేను చెప్పానని చెప్పనక్కర్లేదు.

వింత విను. మాలో పెద్ద ఎవరో తేల్చేది ఏమిటనుకుంటున్నావు? చీటీ! నిజంగా చీటీయే అక్కయ్యా. సభ్యులందరూ ఒకేసారి దిగిపోకుండా మూడు వరసలు చేశారు. ఒకటో వరసవాళ్ళు పై ఏడాది మార్చికే దిగిపోవాలి. రెండో వరసకు ఇంకో రెండేళ్ళు. మూడో వరసవాళ్ళు అందరికంటే ఎక్కువ కాలం ఉంటారు. ఎవరిది ఏ వరసో తేల్చడానికి చీటీలు పెట్టెలో వేసి తీయిస్తారు. మూడు అంకె ఎవరికి వస్తే మా ఇద్దరిలో పెద్ద వాడేనని అందరూ అంటున్నారు. కర్నల్ కూడా ఒప్పుకున్నాడు. సోమవారం తీస్తారు. ముందు నేనే తీస్తానని పట్టుబట్టి ఒప్పించాను.

రాత్రంతా నాలో నేను నవ్వుకున్నాను. చీటీ నుంచి పారిపోయినవాడికి చీటీయే పెద్దరికం ఇవ్వాలి! కానీ తేడా ఉంది. ఇక్కడ చీటీ ఉత్త కాగితమే. దాన్ని దేవుడి నోరు అని ఎవరూ అనరు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, బెనిగ్నాను చేసుకుంటానని పెద్దల ముందు నిలబడితే వాళ్ళేం చేశారు? ప్రార్థించి గిన్నెలో చెయ్యి పెట్టారు. అందులో మూడు చీటీలు. ఒకదాని మీద అవును, ఒకదాని మీద కాదు, ఒకటి ఏమీ రాయని తెల్లది. తెల్లదే వచ్చింది. "వేచి ఉండు నాయనా" అన్నారు. కాదన్నా బాగుండేది. కాదు అనే ధైర్యం లేక మెత్తగా చెప్పే 'కాదు' అది. నేను ఆ వారంలోనే ఊరు వదిలేశాను. దానికి చింత లేదు. మార్గరెట్ బతికున్నన్నాళ్ళూ నాకు మంచి ఇల్లాలు.

సోమవారం నీ దేవుణ్ణి నా కోసం ఇబ్బంది పెట్టకు. ఆయనకు ఇక్కడ పనిలేదు.

కాస్పర్


న్యూయార్క్
1790 ఫిబ్రవరి 15, సోమవారం

అక్కయ్యా,

దీనికి వెంటనే జవాబు రాయి. ఎంత తొందరగా రాస్తే అంత మేలు.

మొదట పెట్టెలో రెండే చీటీలు వేశారు. ఒకదాని మీద మూడు, ఒకటి ఏమీ రాయనిది. మూడు వచ్చినవాడిది మూడో వరస. మిగిలినవాడు మళ్ళీ తీయాలి, ఒకటీ రెండూ వేసిన పెట్టెలోంచి. అంతే నియమం. ముందుగా ఎవరూ నాకు తెల్లదాని మాట చెప్పలేదు. గుమాస్తా పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. నేను ధీమాగా చెయ్యి పెట్టాను. మడత విప్పాను.

తెల్లది.

మూడు హస్కెట్‌కు పోయింది. అది కూడా నాకు అప్పుడు తట్టలేదు. ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాను. గుమాస్తా ఇంకో పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "మళ్ళీ తీయండి" అన్నాడు. నా చెయ్యి లేవలేదు. లేపుదామనే అనుకున్నాను అక్కయ్యా, లేవలేదు. తెల్లది వచ్చాక వెంటనే మళ్ళీ అడగకూడదు కదా. గట్టిగా నోటితోనే అనేశాను, అదీ మన ఇంటి భాషలో: "వేచి ఉండాలి."

కర్నల్‌కు మన భాష నాలుగు ముక్కలు వచ్చు. "ఎవరి కోసమయ్యా వేచి ఉండడం?" అన్నాడు, నిజంగానే అర్థంకాక.

ఎవరో నవ్వారు. వెనక బల్ల మీది ముసలాయన "పెద్దరికం పోయిందని అలిగాడు పాపం, బెల్లం ముక్క పెట్టండి" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. చివరికి ఒక పెద్దమనిషి లేచి, నా వంతును మార్చి నెల మొదటి సోమవారానికి వాయిదా వేయమన్నాడు. ఆ రోజు కూడా తీయకపోతే నేను స్థానం వద్దనుకున్నట్టే లెక్క వేస్తారట.

ఇది ఉత్త కాగితమని నీకు రాసింది నేనే. మరి నా చేతికి ఏమైంది? నేను తీయాలా, వద్దా? పెద్దల్ని అడగకు, నువ్వే చెప్పు.

కాస్పర్


ఏనోను
1790 ఫిబ్రవరి 23

తమ్ముడూ,

ఈ ఉత్తరం గుర్రం మీద వెళ్ళే మనిషికి ఇచ్చి పంపుతున్నాను. సోమవారానికి ముందే నీకు అందాలని ప్రార్థన చేశాను.

బెనిగ్నా ఆదివారం తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. మేడ మీంచి బూరలు మోగాయి. ఎవరో పోయారని చెప్పే పాట అయ్యాక, ఎవరి వరసవాళ్ళు పోయారో, పెళ్ళికానివాళ్ళో పెళ్ళైనవాళ్ళో పిల్లలో, చెప్పే పాట వస్తుంది, గుర్తుంది కదా. మా వరస పాట మొదలవగానే ఇల్లంతా ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. పాలు కాస్తున్న పిల్ల పొయ్యి మీద గిన్నె మరిచిపోయింది. నిన్న సమాధుల తోటలో పడుకోబెట్టాం. వాళ్ళ అమ్మానాన్నల పక్కన కాదు, కిందటి శరత్కాలంలో పోయిన పాలమనిషి ఎల్స్ పక్కన. మన తోటలో ఎవరు ముందు పోతే వాళ్ళు ముందు. రాళ్ళన్నీ నేలకు అంటిపెట్టుకున్నవే, అన్నీ ఒకే కొలత.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. అప్పటికి తనకు వినే ఓపిక ఉంది. చదివాను. నీ చెయ్యి లేవలేదన్న చోట కళ్ళు మూసుకుని నవ్వింది.

"ఇన్నేళ్ళకు కూడా ఆ పిల్లాడికి అర్థంకాలేదా రోసీనా?"

"ఏం అర్థంకాలేదు?"

"తెల్లదంటే ఏమిటో." కొంతసేపు ఊపిరి తీసుకుంది. "ఇంక చెప్పెయ్. నేను వద్దన్నది నేనున్నంత వరకే కదా. ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు."

కాబట్టి ఆమె చెప్పమంటే చెబుతున్నాను. నువ్వు వెళ్ళిపోయిన తర్వాత నీ ప్రశ్న ఇంకా తెరిచే ఉందని పెద్దలు మరిచిపోలేదు. ఏడాది తిరిగాక మళ్ళీ ప్రార్థించి గిన్నెలో చెయ్యి పెట్టారు. 'అవును' వచ్చింది. పెద్ద సహోదరి సంతోషంతో నీలం రిబ్బను తెచ్చి బెనిగ్నా చేతిలో పెట్టింది, పెళ్ళైనవాళ్ళు కట్టుకునేది. నీకు కబురు పంపాలని మనిషిని వెతుకుతుంటే, సూదులు అమ్మేవాడు వచ్చి నీ పెళ్ళి కబురు చెప్పాడు. అప్పుడు బెనిగ్నా నాతో అన్నది ఇంతే: "ఆ అమ్మాయికి మాత్రం ఏం తెలుసు పాపం. వాళ్ళు చల్లగా ఉండాలి. ఈ రిబ్బను లోపల పెట్టేయండి, పిండి పొంగిపోతోంది." నీకు చెప్పొద్దని నా చేత మాట తీసుకుంది.

నిన్ను ఏడిపించడానికి ఇది రాయడం లేదు. నువ్వు సగం నియమమే నేర్చుకుని వెళ్ళిపోయావు నాయనా. తెల్లది మెత్తటి 'కాదు' కాదు. తెల్లది వస్తే మళ్ళీ అడుగుతారు. కానీ మళ్ళీ అడిగే రోజున, అడిగినవాడు అక్కడ ఉండాలి.

సోమవారం వెళ్ళు. ఏది వస్తే అది తీసుకో. లేచి మాత్రం రాకు.

అక్క


న్యూయార్క్
1790 మార్చి 2

అక్కయ్యా,

ఉత్తరం శనివారం అందింది. ఆదివారం గదిలోంచి బయటికి రాలేదు. నీలం రిబ్బను సంగతి మాత్రం అడగకు.

నిన్న వెళ్ళాను. గుమాస్తా పెట్టె తెచ్చాడు.  బెల్లం ముక్క అన్న ముసలాయన కూడా జరిగి దారి ఇచ్చాడు. నా ముఖం చూసి ఉంటాడు. చెయ్యి పెట్టాను. ఈసారి లేచింది.

ఒకటి వచ్చింది.

అంటే పై ఏడాది మార్చికి నేను దిగిపోవాలి. అందరికంటే వెనక వచ్చిన రాష్ట్రం, అందులో రెండోవాణ్ణి, అందరికంటే ముందు వెళ్ళిపోయే వరస. ఇంతకంటే చిన్నవాడు ఈ పెద్దల సభలో లేడు.

మెట్లు దిగుతుంటే కర్నల్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇదిగో వెండెల్, కావాలంటే నీ పేరే ముందు రాయమని గుమాస్తాకు చెబుతా. నాకేం పోయింది? మా ఆవిడకు కూడా తెలియనివ్వను" అన్నాడు. మంచివాడు. నెల క్రితం ఆ మాట కోసం కాళ్ళు పట్టుకునేవాణ్ణేమో.

"వద్దులే హస్కెట్, అక్షరాల వరస బాగానే ఉంది" అన్నాను.

బెనిగ్నా రాయి పెట్టాక ఎక్కడుందో రాయి.

కాస్పర్


ఫిలడెల్ఫియా
1791 ఫిబ్రవరి 12

రోసీనా అక్కయ్యకు,

సభ ఈ ఊరికి మారాక కూడా ఏమీ మారలేదు. పిలుపులో నా పేరు చివరిదే. మొదట్లో ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు, అందరూ చెప్పేదాకా విని ఆఖరున నోరు తెరవడం అలవాటైంది. రెండుసార్లు, వినడం వల్లనే నా ఓటు మార్చుకున్నాను. ముందు బల్ల మీద ఉంటే అది జరిగేది కాదు.

వచ్చే నెల మూడున నా గడువు అయిపోతుంది. మళ్ళీ నిలబడమని కర్నల్ పోరుతున్నాడు. నేను మన శాసనసభకు రాసేశాను, వద్దని. మిల్లు అల్లుడు చూసుకుంటున్నాడు. కూతురు రమ్మంటోంది, కానీ వాళ్ళ పిల్లల అల్లరిలో ముసలివాడు ఒక మూల సామానే కదా.

ఇంకో మాట అడగాలి. రాసి చింపేశాను, మళ్ళీ రాస్తున్నాను. నన్ను తిరిగి సంఘంలో చేర్చుకుంటారా? పెద్దల సభవాడిగా కాదు, ఏ పేరూ వద్దు. ఆరాధనలో వెనక బల్ల చాలు. పెద్దల్ని అడుగు. వాళ్ళ పద్ధతిలోనే అడగమను.

కాస్పర్


ఏనోను
1791 మార్చి 6

తమ్ముడూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో ప్రభువుకే తెలుసు. అమ్మ ఉంటే బాగుండేది.

పెద్దల్ని అడిగాను. వాళ్ళు ప్రార్థన చేసి చీటీ తీశారు. నేను తలుపు బయట నిలబడ్డాను. పెద్ద సహోదరుడు బయటికి వచ్చి అరచెయ్యి తెరిచి చూపించాడు.

తెల్లది.

నీకు ఎలా రాయాలా అని తెలియక కలం పక్కన పెట్టి కుట్టుకుంటూ కూర్చున్నాను. బెనిగ్నా వదిలి వెళ్ళిన గులాబి రిబ్బను ఇప్పుడు నేనే కట్టుకుంటున్నాను. అది తీసి చూశాను. తనైతే ఏమనేదో విన్నట్టే ఉంది. "అయితే ఏం? గదిలో పక్క వేయించు" అనేది.

అందుకని రాస్తున్నాను. నువ్వు ఏం చేస్తావో నాకు తెలియదు, రమ్మని బలవంతపెట్టను. ఊరి సత్రంలో పెరటి వైపు గది ఉంది. దానికి ఏ చీటీ అక్కర్లేదు, దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఉండవచ్చు. పక్క వేయించాను. దుప్పటి నేను నేసినదే.

అక్క రోసీనా


ఏనోను, ఊరి సత్రం
1791 ఏప్రిల్ 23, ఈస్టరు ముందు శనివారం

అక్కయ్యా,

మగవాళ్ళు సహోదరీల ఇంటి గడప తొక్కకూడదు కదా, అందుకే వీధికి ఇటు పక్క నుంచి ఈ చీటీ రాస్తున్నాను. వచ్చాను. దుప్పటి వెచ్చగా ఉంది.

సంఘంలో నా సంగతి అడగడానికి రాలేదు. వాళ్ళకు ఎప్పుడు అడగాలనిపిస్తే అప్పుడు అడుగుతారు.

ఈరోజు మధ్యాహ్నం అందరూ ఈస్టరు కోసం తోటలో సమాధి రాళ్ళు కడుగుతుంటే నేనూ వెళ్ళాను. ఎవరూ నన్ను ఎవరని అడగలేదు. ఒకాయన బ్రష్షూ, బకెట్టూ చేతికిచ్చి వరస చూపించాడు. నా వరసలో ఉన్నది మగవాళ్ళ రాళ్ళు. బెనిగ్నా రాయి అవతలి వరసలో ఉంది, ఎల్స్ పక్కన. మీ ఇంటి ఆడపిల్లలు కడుగుతున్నారు. ఒక పిల్ల పేరులోని అక్షరాల్లో మట్టి పోలేదని రెండోసారి నీళ్ళు పోసింది.

ఆ వరసకు మార్చమని అడగాలనిపించింది. అడగలేదు. నాకు ఇచ్చిన రాళ్ళు కడిగాను.

కాస్పర్